స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి నోటీసు: ఏ కాగితాలు, ఏ వరుసలో

రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకోవాలనుకునే జంటలు దండలు, సాక్షులు, ఆ రోజు కట్టుకునే చీర గురించే ముందు మాట్లాడుకుంటారు. అవన్నీ చివరి రోజు పనులు. మేం పెళ్లి చేసుకోబోతున్నామని దానికి నెల ముందే ఆ ఆఫీసుకు ఇవ్వాల్సిన నోటీసు దగ్గరే అసలు పని ఉంటుంది. పొద్దున్న ఆఫీసుకు పరుగెత్తుకెళ్లి మధ్యాహ్నానికి సంతకాలు పెట్టేసి బయటకు వచ్చే సీన్లు సినిమాల్లో చూసే ఉంటారు. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టంలో ఆ వీలు లేదు.

నోటీసుకు కావలసిన కాగితాలు తక్కువే. పదో తరగతి మెమో, అడ్రస్ ప్రూఫ్, ఫొటోలు, ఒక అఫిడవిట్, అంతకుముందు పెళ్లయి ఉంటే దానికి సంబంధించిన పత్రం. అయినా ఆఫీసు నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. కారణం చాలావరకు ఒకటే. కాగితాలు ఒకదానితో ఒకటి పొసగవు. మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, అగ్రిమెంట్‌లో ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి నంబరు. అందుకని కొత్త కాగితాల కోసం తిరగకముందే, చేతిలో ఉన్నవాటిని పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.

అసలు మీకు నోటీసు అవసరమా?

ఇది ముందు తేల్చుకోండి. ఇద్దరూ హిందువులై (చట్టం దృష్టిలో బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు), ఆచారం ప్రకారం గుడిలోనో మండపంలోనో పెళ్లి చేసుకుంటే 1955 నాటి హిందూ వివాహ చట్టం సరిపోతుంది. అందులో ముందస్తు నోటీసు లేదు. పెళ్లి అయ్యాక శుభలేఖ, పెళ్లి ఫొటోలు, సాక్షులతో వెళ్లి రిజిస్టర్ చేయించుకోవడమే.

ఇద్దరివి వేర్వేరు మతాలై, ఎవరూ మతం మారదలచుకోకపోతే స్పెషల్ మ్యారేజ్ చట్టమే మీ దారి. మతం మారాలని ఈ చట్టం ఎవరినీ అడగదు. ఒకే మతం వాళ్లు కూడా తంతు వద్దనుకుంటే ఇదే చట్టం కింద చేసుకోవచ్చు.

మూడో రకం జంట ఒకటుంది, వీళ్లే ఎక్కువ తికమక పడతారు. ఏదో ఒక పద్ధతిలో పెళ్లి ఇప్పటికే అయిపోయింది, ఇప్పుడు దాన్ని స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నమోదు చేయించుకోవాలి. దానికి సెక్షన్ 15 కింద దరఖాస్తు పెట్టాలి, ఫారం వేరు. దానికీ 30 రోజుల ప్రకటన ఉంటుంది. వయసు విషయంలో ఒక తేడా గమనించండి. కొత్తగా పెళ్లి చేసుకునేటప్పుడు అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే చాలు. సెక్షన్ 15 కింద నమోదు చేయించుకోవాలంటే రిజిస్ట్రేషన్ నాటికి ఇద్దరికీ 21 నిండాలి. కాబట్టి పందొమ్మిదేళ్ల అమ్మాయి ముందు ఏదో తంతు జరిపించుకుని తర్వాత ఈ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుందాం అనుకుంటే కుదరదు.

ఏ ఆఫీసు? 30 రోజుల లెక్క

నోటీసు ఇచ్చే రోజుకు ముందు, మీ ఇద్దరిలో కనీసం ఒకరు ఆ జిల్లాలో వరుసగా 30 రోజులకు తగ్గకుండా ఉండి ఉండాలి. ఇది సెక్షన్ 5. ఇద్దరూ అక్కడివాళ్లే కానక్కర్లేదు. ఒకరిది గుంటూరు, ఇంకొకరిది వరంగల్, ఇద్దరి ఉద్యోగాలు హైదరాబాద్‌లో అనుకోండి. హైదరాబాద్‌లో నెల రోజులకు పైగా ఉంటున్నట్టు చూపించగలిగితే అక్కడే ఇవ్వచ్చు. సొంత ఊళ్లో ఉంటున్నవాళ్లయితే సొంత ఊళ్లోనే.

మన రెండు రాష్ట్రాల్లో ఈ పని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ చూస్తుంది. ఇల్లు, పొలం రిజిస్ట్రేషన్ చేసే సబ్ రిజిస్ట్రారే ఇక్కడ మ్యారేజ్ ఆఫీసర్. మీరు ఉంటున్న ఏరియా ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో చూసుకుని, నోటీసు పెట్టే రోజుకు ముందే ఒకసారి ఊరికే వెళ్లి రండి. అక్కడ అడగాల్సినవి: అఫిడవిట్‌కు వాళ్ల దగ్గర నమూనా ఉందా, ఎన్ని సెట్ల జిరాక్స్‌లు కావాలి, ఫొటోలు ఎన్ని, ఫీజు ఎలా కట్టాలి, అద్దె ఇంట్లో ఉంటే అడ్రస్‌కు ఏది చూపించాలి, సాక్షులు నోటీసు రోజున కూడా రావాలా. చట్టం ఒకటే అయినా ఈ చిన్న విషయాల్లో ఒక్కో ఆఫీసుది ఒక్కో పద్ధతి. ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్లు పలకరిస్తారు. ఫారం నింపించుకోవడానికి వాళ్ల సాయం తీసుకోవడంలో తప్పులేదు. “ముప్పై రోజులు అక్కర్లేకుండా చేయిస్తాం” అన్నవాళ్ల దగ్గర మాత్రం ఆగకండి. పాత తేదీ వేసి పుట్టించిన నోటీసుతో చేసుకున్న పెళ్లిని రేపు ఎవరైనా కోర్టులో ప్రశ్నిస్తే ఆ మనిషి మీ వెంట రాడు.

నివాసం చూపించడానికి ఆధార్ మీద ఇప్పటి అడ్రస్ ఉంటే సగం తలనొప్పి పోయినట్టే. లేకపోతే రెంటల్ అగ్రిమెంట్, ఓటర్ కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, గ్యాస్ బుక్, బ్యాంకు పాస్‌బుక్‌లలో మీ పేరు, ఇప్పటి అడ్రస్ రెండూ ఉన్నది వెతకండి. కరెంటు బిల్లు ఇంటి ఓనర్ పేరు మీద ఉంటుంది కాబట్టి అదొక్కటే సరిపోదు. దాన్ని అగ్రిమెంట్‌తో జతచేయాలి. హాస్టల్‌లో ఉండేవాళ్లకు కష్టం ఎక్కువ. హాస్టల్ లెటర్‌హెడ్ మీద ఎప్పటినుంచి ఉంటున్నారో తేదీతో సహా రాయించుకోవాలి, కంపెనీ ఇచ్చే లెటర్‌లో కూడా అదే అడ్రస్ ఉండేలా చూసుకోవాలి. అగ్రిమెంట్ నిన్న రాయించిందైతే 30 రోజుల సంగతి అది చెప్పదు. తేదీ చూసుకోండి.

వయసుకు: మెమో, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు

పుట్టిన తేదీకి మనవైపు అందరూ ముందు అడిగేది పదో తరగతి మెమో. పదో తరగతి దాకా చదవనివాళ్లకు మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, లేదంటే పాస్‌పోర్టు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఉంది కదా అనకండి. ఆధార్ మనిషిని గుర్తించడానికి పనికొస్తుంది గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెప్పింది. 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా ఆధార్‌ను పక్కన పెట్టి స్కూలు సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది.

మనలో చాలామందికి రెండు పుట్టినరోజులు. అమ్మ చెప్పేది ఒకటి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ నెల చూసి వేసింది ఇంకొకటి. జాతకం అమ్మ చెప్పిన తేదీతో చూసుకోండి, నోటీసులో మాత్రం మెమోలో ఉన్నదే రాయండి. పాన్, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, మెమోలో ఒక తేదీ ఉంటే రెండూ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టకండి. మిగతా కాగితాలన్నిటితో కలిసేది ఏదో అదొక్కటే ఇవ్వండి. అయితే ఒక తేదీ ప్రకారం వయసు నిండి, ఇంకోదాని ప్రకారం నిండకపోతే అది దాచే విషయం కాదు. రెండు తేదీల ప్రకారమూ వయసు నిండేదాకా ఆగడమే మంచిది.

పేరు దగ్గరే ఆగిపోతారు

తెలుగువాళ్ల పేర్లకు ఇంటిపేరు పెద్ద చిక్కు. పదో తరగతి మెమో తీసి చూడండి. ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆ తర్వాత పేరు, కింద తండ్రి పేరు, తల్లి పేరు, ఇంకా కిందికి వెళ్తే పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. ఇప్పుడు ఆధార్ తీయండి. అందులో పేరు ముందు, ఇంటిపేరు చివర్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గళ్లు. పాన్ కార్డులో ఇంకో వరుస. మనిషి ఒక్కరే, కాగితాల మీద నలుగురు.

వరుస మారడం వల్ల, ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉండటం వల్ల సాధారణంగా పెద్ద ఇబ్బంది రాదు. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ ఒకటి నోటరీతో చేయించుకుంటే సరిపోవచ్చు. స్పెల్లింగ్ మారినప్పుడు, పేరులో ఒక ముక్క పూర్తిగా లేనప్పుడు మాత్రం ముందు ఆధార్ సరిచేయించుకోండి. మెమోలో మార్పు చేయించడం కంటే ఆధార్‌లో మార్చడం చాలా సులువు. ఈ పని నోటీసుకు ముందే చేయాలి. ఎందుకంటే నోటీసులో ఏ పేరు రాస్తే పెళ్లి రోజు సంతకం పెట్టే డిక్లరేషన్‌లో అదే రావాలి, మ్యారేజ్ సర్టిఫికెట్‌లోనూ అదే రావాలి. రేపు వీసాకు వెళ్లినప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టి చూసేది ఆ సర్టిఫికెట్‌నే. నా సలహా అడిగితే, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు నోటీసులో పాస్‌పోర్టు పేరునే అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

తండ్రి పేరు కూడా చూసుకోండి. మెమోలో పూర్తి పేరు, ఆధార్‌లో ఇంట్లో పిలిచే పేరు ఉన్నవాళ్లు కొల్లలు.

ఇంతకుముందు పెళ్లయి ఉంటే

నోటీసు ఫారంలో పేరు పక్కనే ఒక గడి ఉంటుంది. అవివాహితులా, భర్త లేదా భార్య చనిపోయినవారా, విడాకులు తీసుకున్నవారా అని. మొదటిదైతే కాగితమేమీ అక్కర్లేదు, అఫిడవిట్‌లో రాస్తే చాలు. మిగతా రెండింటికీ రుజువు చూపించాలి.

భార్య లేదా భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం. అందులో చనిపోయినవారి పేరు, మీ పాత మ్యారేజ్ సర్టిఫికెట్‌లోనో ఆధార్‌లోనో ఉన్న పేరుతో కలవాలి.

విడాకులైతే కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ. జిరాక్స్ కాదు, కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి తీసుకున్న ముద్ర ఉన్న కాపీ. పాత కేసైతే ఇది రావడానికి టైం పడుతుంది, అందుకే అన్నిటికంటే ముందు దీనికి అప్లై చేయండి. డిక్రీ వచ్చినంత మాత్రాన మర్నాడే నోటీసు ఇవ్వడం కుదరకపోవచ్చు. అవతలివాళ్లకు అప్పీలు హక్కు ఉంటే ఆ గడువు దాటాలి, అప్పీలు వేసి ఉంటే అది కొట్టేసి ఉండాలి. ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారంతో తీసుకున్న డిక్రీకి ఈ బెడద తక్కువ. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలివాళ్లు కోర్టుకు రాకుండానే వచ్చిన డిక్రీ చేతిలో ఉంటే, నోటీసుకు ముందు మీ లాయరుతో ఒక మాట మాట్లాడండి.

పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితం, వంద రూపాయల స్టాంపు మీద రాసుకున్న “ఇకపై మాకూ మాకూ సంబంధం లేదు” అన్న ఒప్పందం ఇక్కడ చెల్లవు. కోర్టు డిక్రీ లేకపోతే చట్టం లెక్కలో మొదటి పెళ్లి ఇంకా బతికే ఉంది.

మేనరికం అయితే ఆగండి

పెళ్లి చేసుకునే ఇద్దరి మధ్య నిషిద్ధ బంధుత్వం ఉండకూడదని చట్టం షరతు. ఆ బంధుత్వాల జాబితా చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. చదివితే మన ఇళ్లలో చాలామంది ఉలిక్కిపడతారు. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు అందరూ అందులో ఉన్నారు. మనకు మేనరికం మామూలు సంగతే అయినా ఈ చట్టం కింద అది సూటిగా కుదరదు. ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఉందిగానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలని ఈ షరతు ఉన్న సెక్షన్ 4 వివరణ చెబుతుంది. హిందూ వివాహ చట్టంలో ఆచారానికి గెజిట్ షరతు లేదు. అందుకని మేనరికం చేసుకునే హిందూ జంటకు ఆ దారే సులువు.

మిగతావాళ్లకు ఈ షరతు అఫిడవిట్‌లో ఒక వాక్యం. అఫిడవిట్ ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి. అందులో పుట్టిన తేదీ, అవివాహితులా కాదా, జాతీయత, ఎక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారు, మీ ఇద్దరి మధ్య నిషిద్ధ బంధుత్వం లేదు అన్న మాట ఉంటాయి. ఆఫీసులో నమూనా ఇస్తే దాన్నే టైప్ చేయించి నోటరీ దగ్గర సంతకం పెట్టండి. సంతకం ముందే పెట్టేసి తీసుకెళ్లకండి, నోటరీ ఎదుట పెట్టాలి.

ఫారం నింపడం, ముఖ్యంగా ఒక గడి

నోటీసు ఫారం చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. ఒక పేజీ. నోటీసు తేదీ నుంచి మూడు నెలల్లోపు మేమిద్దరం ఈ చట్టం కింద పెళ్లి చేసుకోదలచాం అని పైన ఒక వాక్యం, కింద ఇద్దరి వివరాలకు పట్టిక. పేరు, వివాహ స్థితి, వృత్తి, వయసు, ఉంటున్న చోటు, అది శాశ్వత నివాసం కాకపోతే శాశ్వత నివాసం, ఎంతకాలంగా ఉంటున్నారు. చివర ఇద్దరి సంతకాలు.

చాలామంది ఆలోచించకుండా రాసేసేది ఆ శాశ్వత నివాసం గడి. సెక్షన్ 6 ప్రకారం మీ నోటీసు కాపీని ఆఫీసు గోడ మీద, అందరికీ కనిపించే చోట అతికిస్తారు. మీలో ఎవరికైనా శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉందని రాస్తే, ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసర్‌కు కూడా కాపీ పంపుతారు, అక్కడి బోర్డు మీదా అతికిస్తారు. ఊళ్లో తెలిసినవాళ్ల కంట పడే వీలు అక్కడే ఎక్కువ. ఇంట్లో ఇంకా చెప్పలేదు అనుకునేవాళ్లు ఈ సంగతి తెలిసి నోటీసు ఇవ్వాలి. ఏళ్లుగా ఉద్యోగం చేస్తూ ఇల్లు కొనుక్కుని హైదరాబాద్‌లోనే స్థిరపడినవాళ్లు అదే శాశ్వత నివాసం అని రాయడంలో అబద్ధం లేదు. నెల కిందట హాస్టల్‌లో దిగినవాళ్లు అలా రాస్తే అది అబద్ధమే. ఈ చట్టం కింద తప్పుడు డిక్లరేషన్ మీద సంతకం పెట్టడం శిక్షపడే నేరం.

కొన్నిచోట్ల ఆఫీసువాళ్లు నోటీసును తల్లిదండ్రుల ఇంటికి పోస్టులో పంపుతామంటారు. చట్టంలో ఆ మాట లేదు. ఇళ్లకు నోటీసులు పంపడం తగదని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది. బోర్డు మీద అతికించడం కూడా జంట కోరితేనే చేయాలని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో అంది. అయితే అది ఉత్తరప్రదేశ్‌కు వర్తించే తీర్పు. మన దగ్గర అతికిస్తారనే లెక్కతోనే ఉండండి.

ప్రాణభయం నిజంగా ఉంటే దాన్ని చిన్నగా తీసుకోవద్దు. ఇష్టపడి పెళ్లి చేసుకునే పెద్దవాళ్లకు రక్షణ కల్పించాలని, ఇందుకు జిల్లాల్లో ప్రత్యేక సెల్స్ పెట్టాలని, అవసరమైతే సేఫ్ హౌస్‌లు ఏర్పాటు చేయాలని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నోటీసు ఇచ్చే ముందే ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. రక్షణ కోరుతూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాల్సి వస్తే లాయరు ముందు అడిగేది ఆ కాగితమే.

నోటీసు రోజు

ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒరిజినల్స్ ఒక ఫైల్‌లో, జిరాక్స్‌లు సంతకాలు పెట్టి ఇంకో ఫైల్‌లో. ఫొటోలు అడిగినదానికంటే నాలుగు ఎక్కువ. ఒరిజినల్స్ చూసి వెనక్కి ఇచ్చేస్తారు, వాళ్ల దగ్గర వదిలి రావద్దు. మీ నోటీసును మ్యారేజ్ నోటీస్ బుక్‌లో ఎక్కిస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరైనా ఫీజు లేకుండా చూడొచ్చు. ఎక్కించాక మీ పేర్ల స్పెల్లింగ్ మీరే ఒకసారి చూసుకోండి. నోటీసు తీసుకున్నట్టు రసీదు గానీ, తేదీ ముద్ర ఉన్న కాపీ గానీ అడిగి తీసుకోండి.

ఇద్దరిలో ఒకరు విదేశీయులైతే ఫైల్ కాస్త లావవుతుంది. పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న వీసా, ఇక్కడ ఉంటున్నట్టు రుజువు, పెళ్లి కాలేదని లేదా పెళ్లికి అడ్డంకి లేదని వాళ్ల దేశ ఎంబసీ లేదా అధికారులు ఇచ్చిన సర్టిఫికెట్ అడుగుతారు. ఇంగ్లిష్‌లో లేని పత్రాలకు అధికారిక అనువాదం కావాలి. విదేశంలో తీసుకున్న విడాకుల డిక్రీకి అక్కడే అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించుకుని రావడం మేలు. ఇక్కడికి వచ్చాక ఆ పని కోసం మళ్లీ విమానం ఎక్కాల్సి వస్తుంది. సెలవు మీద వచ్చే ఎన్నారైలు ఇంకో లెక్క చూసుకోవాలి. మూడు వారాల సెలవులో నోటీసు, పెళ్లి రెండూ కానేరవు. 30 రోజుల నివాసం అవతలివారితో చూపించినా, నోటీసు తర్వాతి 30 రోజులు ఆగక తప్పదు.

నోటీసు తర్వాత

ప్రకటించిన తేదీ నుంచి 30 రోజుల దాకా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఎవరైనా చెప్పవచ్చుగానీ, ఏదైనా చెప్పడానికి లేదు. ఇద్దరిలో ఒకరికి ఇంకో పెళ్లి బతికి ఉందనో, వయసు నిండలేదనో, సమ్మతి ఇచ్చే మానసిక స్థితి లేదనో, నిషిద్ధ బంధుత్వం ఉందనో మాత్రమే. “మా కులం కాదు”, “మాకు ఇష్టం లేదు” అన్నవి అభ్యంతరాలు కావు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లోపు విచారించి తేల్చాలి. పెళ్లి జరపనని తేలిస్తే 30 రోజుల్లో జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. ఊరికే వేధించడానికి వేసినదని తేలితే అభ్యంతరం వేసినవారి మీద వెయ్యి రూపాయల వరకు ఖర్చులు వేయవచ్చు. 1954లో అది పెద్ద మొత్తమే. మీ మెమో, డిక్రీ సరిగ్గా ఉంటే ఈ విచారణకు టెన్షన్ పడక్కర్లేదు. అక్కడ చూసేదీ అవే.

తేదీల లెక్క ఇలా ఉంటుంది. జూన్ 2న నోటీసు ఇచ్చి, అదే రోజు అతికిస్తే, జులై 2తో అభ్యంతరాల గడువు పోతుంది. ఆ తర్వాత పెళ్లి చేసుకోవచ్చు. నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు క్యాలెండర్ నెలలు, అంటే సెప్టెంబరు మొదటి రోజుల్లోపు అయిపోవాలి. దాటిందా, ఆ నోటీసు రద్దయినట్టే, మళ్లీ మొదటినుంచి కొత్త నోటీసు. ఆషాఢం పోయాక శ్రావణంలో ముహూర్తం చూసుకుందాం అనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకో మాట, 30 రోజులు లెక్కపెట్టేది అతికించిన రోజు నుంచి. నోటీసు ఇచ్చిన నాలుగు రోజులకు అతికిస్తే ఆ నాలుగు రోజులూ ముందుకు జరుగుతాయి. అందుకే బోర్డు మీద మీ నోటీసు ఏ రోజు పడిందో కనుక్కోండి.

పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. ముగ్గురికీ ఆధార్ లేదా వేరే ఫొటో ఐడీ ఉండాలి, 18 నిండి ఉండాలి. ఒకరు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినా పని ఆగకుండా నాలుగో మనిషికి కూడా చెప్పి ఉంచండి. ముందు మీరిద్దరూ, ముగ్గురు సాక్షులూ డిక్లరేషన్ మీద సంతకాలు చేస్తారు. తర్వాత అధికారి ముందు, సాక్షుల ముందు, ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్టు పలకాలి. మీకు తెలిసిన ఏ భాషలోనైనా పలకవచ్చు, తెలుగులో చక్కగా సరిపోతుంది. ఆ మాటలు పలికితేనే పెళ్లి పూర్తవుతుంది. దానితో పాటు తాళి కట్టుకుంటారా, దండలు మార్చుకుంటారా, ఉంగరాలా అన్నది మీ ఇష్టం, చట్టం అడ్డుచెప్పదు. అదనపు ఫీజు కట్టి, ఆఫీసుకు దగ్గర్లోని వేరే చోటికి అధికారిని పిలిపించుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. కావాలంటే నోటీసు రోజునే అడగండి, చివరి వారంలో అడిగితే కుదరకపోవచ్చు.

ఆస్తి విషయం చాలామంది ఎప్పుడో తర్వాత కనుక్కుంటారు. ఇద్దరూ హిందువులైతే ఈ చట్టం కింద చేసుకున్నా మీకు హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది, 1976 సవరణ నుంచి అలా ఉంది. మతాలు వేరైతే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువు వేరే మతస్తులను ఈ చట్టం కింద పెళ్లాడితే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. ఉమ్మడి ఆస్తి ఉన్నవాళ్లు దీనిమీద పెళ్లికి ముందే లాయరును అడిగి పెట్టుకోండి.

సర్టిఫికెట్ పుస్తకంలో సంతకాలు పెట్టే ముందు పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు మళ్లీ ఒకసారి చదవండి, వెనక హడావిడి చేసేవాళ్లను కాసేపు ఆగమనండి. సంతకాలు పడ్డాక సరిచేయించడం వేరే ప్రహసనం. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు అదనంగా తీసుకోండి. బయటి దేశానికి వెళ్లే ఆలోచన ఉంటే వాటిలో ఒకదానికి విదేశాంగ మంత్రిత్వ శాఖ అపోస్టిల్ చేయించాలి. లామినేషన్ చేయించిన కాపీతో అపోస్టిల్ దగ్గర ఇబ్బంది రావచ్చు, అందుకని దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో అలాగే ఉంచండి.